డ్రైవ్‌వే వాలులో జూనిపరా, ఆకురాల్చే సుమాకా?

ప్రశ్న: మాది చికాగో పక్కన. డ్రైవ్‌వే పక్క వాలులో గడ్డి కోస్తుంటే మోవర్ జారిపోతోంది. నర్సరీలో గ్రో-లో సుమాక్ అని, నేలబారుగా పాకే పొద వేయమన్నారు. మా ఆవిడేమో చలికాలమంతా మోడుగా ఉండేది వద్దు, ఏడాదంతా పచ్చగా ఉండే జూనిపర్ పొద వేద్దాం అంటోంది. ఏది వేయమంటారు?

మొదటి జవాబు: జూనిపరే. ఇంటి ముందు ఎండుపుల్లలు ఎవరు చూస్తారండి? పైగా సుమాక్ మూడాకులు, తగిలితే ఒళ్ళు పొక్కే పాయిజన్ ఐవీ తీగలాగే ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు?

రెండో జవాబు: నేను ఒప్పుకోనండి. మేమూ ముందు జూనిపరే వేశాం, రెండేళ్ళు బాగానే పాకింది, తర్వాత ఒక ఏడు వసంతంలో వానలు వదలకుండా పట్టేసరికి తెగులొచ్చి కొసలన్నీ గోధుమరంగుకి తిరిగాయి, ఎండినంత మేర కత్తిరిస్తే ఆకు లేని ముదురు కొమ్మ మళ్ళీ చిగురించదు కదా, వాలంతా చిరిగిన చాపలా తయారైంది. అవి పీకేసి అయిదేసి అడుగుల ఎడంతో సుమాక్ పెట్టాం. ఎత్తు రెండడుగులే, పక్కలకి మాత్రం ఆరు నుంచి ఎనిమిది అడుగులు పోతుంది. నేలకి ఆనిన కొమ్మ ఆనినచోటే వేళ్ళు పోస్తుంది, మా మట్టి జారకుండా ఆపింది ఆ వేళ్ళే. మొదలంటా నరికినా పిలకలేస్తుంది.

ఐవీ భయానికి మధ్య ఆకు చూస్తే చాలు. ఐవీలో దానికి పొడుగు కాడ ఉంటుంది, సుమాక్‌లో దాదాపు ఉండదు. ఐవీ కాయలు తెల్లగా ఉంటాయి, దీనివి ఎర్రగా, నూగుతో. ఆకు నలిపితే సుమాక్ ఘాటుగా వాసనొస్తుంది, కానీ ఏ మొక్కో తేలకుండా నలపకండి! రెండూ మన మామిడి కుటుంబమే. మామిడి సొన తగిలి మూతి పొక్కుతుందే, ఐవీ అంతకన్నా చాలా ఘోరం, సుమాక్‌తో ఆ బాధ లేదు.

మోడు సంగతంటారా, అక్టోబరులో ఆ ఎరుపు, నారింజ రంగులు చూశాక మాట్లాడదాం. వసంతంలో ఆకు రాకముందే చిన్న పసుపు పూలొస్తాయి.

మొదటి జవాబిచ్చినవారు: మరి కలుపో? పల్చగా ఉన్నన్నాళ్ళూ అందులోంచి వస్తూనే ఉంటుంది.

రెండో జవాబిచ్చినవారు: అది నిజమే. మొక్కలు కలుసుకునేదాకా, అంటే రెండు మూడేళ్ళు, మల్చ్ (నేల మీద కప్పే చెక్కపొట్టు లాంటిది) వేసి చేత్తో పీకాల్సిందే. నీళ్ళు నిలిచేచోట అసలు వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు: మా వాలు మీద మధ్యాహ్నం నుంచి ఇంటి నీడ పడుతుంది, ఫర్వాలేదా?

రెండో జవాబిచ్చినవారు: జూనిపరైతే నీడలో పల్చబడిపోతుంది. సుమాక్ తట్టుకుంటుంది, ఆకు ఎరుపు మాత్రం కాస్త తగ్గుతుంది.