చర్చ: మన్యంలో కొండ మీది ఊళ్లను కిందికి దించాలా, రోడ్డే పైకి వేయాలా?

నర్సీపట్నం వాసి: పాడేరు మన్యంలో మళ్లీ ఓ గర్భిణిని డోలీ కట్టి వాగు దాటించారు. పది గడపల ఊరికి ఘాట్ రోడ్డు ఎప్పటికి వేస్తారు? వేసినా వానలకు కొండచరియలు పడతాయి. మండల కేంద్రం పక్కన ఇళ్లు కట్టించి దించేస్తే బడి, ఆసుపత్రి అందుతాయి.

చోడిచేను: దించి ఏటి తినమంటారు? మాది కాఫీ తోట. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ. ఈ ఎత్తుకి, ఈ చలికి కాసే పంట అది, మైదానంలో కాయదు. నవంబరు నుంచి కోత. పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు, అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి ఏరాలి. రోజూ కింది నుంచి ఎక్కిరమ్మంటారా? 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందే ఈ కొండల వల్ల.

పనసచెట్టు: సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. నీడకి పనసే మేలు.

నర్సీపట్నం వాసి: నేనడిగింది కాఫీ గురించి కాదు, ప్రాణం గురించి. అక్కడ టీచరుగా చేశాను. వాగు పొంగితే బడి మూతే. మలేరియాతో మంచం పట్టి బదిలీ అడిగితే వినే నాథుడు లేడు.

చోడిచేను: చివరికి మీకు బదిలీ అయింది కదా మాస్టారూ, మాకేది? పోలవరం కోసం పాపికొండల కొండరెడ్లను కాలనీలకు దించారు. ఇల్లిచ్చారు సరే, అడ్డాకులు, కొండచీపుర్లు ఏ కాలనీలో దొరుకుతాయి?

వలిసెపూలు: పనస నీడ మరీ చిక్కన, కాఫీకి ఎండ తగలదు.

నర్సీపట్నం వాసి: అసలు అడ్డంకి 1/70 చట్టం. మా నాన్న ఆ సంతల్లోనే వ్యాపారం చేసి ముసలాడయ్యాడు, సెంటు భూమి కొనుక్కోలేకపోయాడు. గిరిజనేతరులు కొనకూడదంటే పెట్టుబడి ఎవడు పెడతాడు? రోడ్డెలా వస్తుంది?

చోడిచేను: ఇదీ మీ మనసులో మాట. ఇందాకటి నుంచి డోలీ డోలీ అన్నది ఈ భూమి కోసమా? ఆ చట్టమే లేకపోతే మా తోటలు ఈపాటికి ఎవరి పేరనో ఉండేవి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏమంది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు మైనింగు లీజులు చెల్లవంది. చరియలు పడతాయంటున్నారు, మీ ఊరి నుంచి లంబసింగికి చలి చూడ్డానికి కార్లు ఎక్కట్లేదా? ఆ ఘాట్ నిలిచినప్పుడు మాది ఎందుకు నిలవదు?

గ్రామసభ: గొడవ ఆపండి. అటవీ హక్కుల చట్టం 3(2) చూడండి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా రోడ్డుకు అటవీ భూమి ఇవ్వొచ్చు, గ్రామసభ సిఫారసు ఉండాలి. మీ ఊరు తీర్మానం చేసిందా?

చోడిచేను: చేశాం. ఫైలు కదల్లేదు.