సస్పెన్షన్ బదులు పిల్లల కోర్టు పెడితే?

టెక్సాస్‌నాన్న:
ఎనిమిదో క్లాసు చదివే మావాడు లంచ్ లైనులో ఒకణ్ణి తోసేశాడు. మూడు రోజులు సస్పెన్షన్. మేమిద్దరం ఆఫీసులకి పోతే వాడు ఇంట్లో హాయిగా గేములాడుకున్నాడు. దెబ్బ తగిలిన పిల్లాడికి సారీ చెప్పమని ఎవరూ అడగలేదు. మా రాష్ట్రంలోనే, ఒడెస్సాలో, 1983లో టీన్ కోర్టు మొదలైంది. తప్పు ఒప్పుకున్నవాళ్ళకి తోటిపిల్లలే క్షమాపణ లేఖో, సమాజ సేవో వేస్తారు. స్కూళ్ళలోనూ అదే పెడితే పోలా?

పంతులమ్మ:
పదిహేనేళ్ళుగా ఈ దేశంలో పాఠాలు చెప్తున్నాను, కాస్త నీళ్ళు చల్లక తప్పదు. జడ్జి కుర్చీలో ఎవరు కూర్చుంటారు? మార్కులొచ్చేవాళ్ళు, మాటకారులు. ఎదుట నిలబడేది ఎప్పుడూ వెనక బెంచీ వాడే. లోపల జరిగింది సాయంత్రం బస్సెక్కేలోపు స్కూలంతా పాకుతుంది. సస్పెన్షన్‌కైనా ఓ కట్టు ఉంది. పది రోజుల లోపుదైనా సరే, ఆరోపణ చెప్పి పిల్లాడి మాట వినాల్సిందేనని 1975లో గాస్ వర్సెస్ లోపెజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లల కోర్టులో ఆ పూచీ ఎవరిది?

లెక్కలరాయుడు:
అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2002 నివేదికలో నాలుగు రాష్ట్రాల టీన్ కోర్టుల లెక్కలున్నాయి. ఆర్నెల్లలో మళ్ళీ కేసులో ఇరుక్కున్నవాళ్ళు అలాస్కాలో 6 శాతం, మామూలు దారిలో వెళ్ళినవాళ్ళలో 23. మేరీలాండ్‌లో మాత్రం తిరగబడింది: టీన్ కోర్టువాళ్ళు 8, మామూలు దారివాళ్ళు 4. కానీ అవన్నీ పోలీసుల దాకా పోయిన కేసులు. లంచ్ లైను తోపులాటకి ఆ అంకెలు అతకవు అన్నా.

టెక్సాస్‌నాన్న:
సరే, అంకెలు వదిలేద్దాం. పంతులమ్మ గారూ, చాలా టీన్ కోర్టుల్లో శిక్ష పడ్డవాడు తర్వాత జ్యూరీలో కూర్చోవాలి. మీ వెనక బెంచీ వాడికీ కుర్చీ దొరికినట్టేగా?

పంతులమ్మ:
అదొక్కటీ నచ్చింది. పోలండ్‌లోని వార్సాలో యానుష్ కోర్చాక్ అనే డాక్టరు నడిపిన అనాథాశ్రమంలో పిల్లల కోర్టుండేది. ఆ వారం కేసు లేనివాళ్ళలోంచి చీటీలు తీసి జడ్జీల్ని ఎంచేవారు. ఆ కోర్టు చట్టంలో మొదటి 99 సెక్షన్లూ క్షమించడానికో, కేసు కొట్టేయడానికో. కోర్చాక్ తన మీద తానే కేసులు పెట్టుకుని ఆ కోర్టు ముందు నిలబడ్డాడు! మన ప్రిన్సిపాల్ అలా వచ్చి నిలబడితే, నా ఓటు మీకే.

టెక్సాస్‌నాన్న:
రాత్రి మావాణ్ణే అడిగా, నీకేది నయంరా అని. ‘‘సస్పెన్షనే నాన్నా. ప్రిన్సిపాల్ మర్చిపోతాడు, క్లాసువాళ్ళు మర్చిపోరు’’ అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు.