ద రైడర్: లేన్ స్కాట్‌కి దెబ్బ ఎలా తగిలిందో మార్చి చూపించడం న్యాయమేనా?

సెకండ్‌షో:
క్లోయీ జావ్ తీసిన ద రైడర్ (2017) మళ్ళీ చూశాను. సినిమా గొప్పదే, అందులో నాకు పేచీ లేదు. కానీ ఒక విషయం మింగుడు పడట్లేదు. చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి, కథంతా చెప్పేస్తున్నాను.

అమెరికాలో సౌత్ డకోటా, లకోటా తెగవాళ్ళుండే పైన్ రిడ్జ్ రిజర్వేషన్. బ్రేడీ అనే కుర్రాడు రోడియోలో, అంటే ఎగిరి పడేసే గుర్రాలూ ఎద్దులూ ఎక్కే పోటీల్లో, మొండి గుర్రాలెక్కుతాడు. గుర్రం తల తొక్కేస్తే పుర్రె పగిలి లోపల ప్లేటు వేస్తారు, ఇక ఎక్కొద్దంటారు. ఎక్కకపోతే తనెవరు అన్నదే కథ. ఆ వేషం వేసిన బ్రేడీ జాండ్రోకి 2016 ఏప్రిల్‌లో నార్త్ డకోటాలోని ఫార్గోలో నిజంగానే ఇలాంటి దెబ్బ తగిలింది. నాన్న, చెల్లెలు లిలీ కూడా సొంత నాన్న, సొంత చెల్లెలే.

అతని స్నేహితుడు లేన్ స్కాట్, ఒకప్పుడు రోడియోలో ఎద్దులెక్కిన బుల్ రైడర్, ఇప్పుడు ఒళ్ళు కదలదు, మాట రాదు, వేళ్ళతో ఒక్కో అక్షరం చూపించి మాట్లాడతాడు. సినిమాలో అతన్ని ఎద్దు మీంచి పడి అలా అయినవాడిగానే చూస్తాం. అసలు జీవితంలో లేన్‌కి జరిగింది కారు ప్రమాదం! నాకిది మోసంలా అనిపిస్తోంది. మీరేమంటారు?

నైట్‌డ్యూటీ:
బ్రో, అది డాక్యుమెంటరీ కాదు. బ్రేడీ ఇంటిపేరే మార్చారు, సినిమాలో అతను బ్రేడీ బ్లాక్‌బర్న్. కల్పన అని చెప్పుకున్న కథలో కారు బదులు ఎద్దు పెడితే తప్పేంటి? లేన్ కుటుంబం ఒప్పుకోకుండా అవన్నీ తీసుంటారా? మనకెందుకు టెన్షన్.

సెకండ్‌షో:
బ్రేడీ ఇంటిపేరు మార్చారు, సరే. లేన్ పేరు మార్చలేదు కదా! లేన్ స్కాట్‌గానే ఉన్నాడు, ఫోన్‌లో చూపించే పాత వీడియోలు కూడా అతను నిజంగా ఎద్దులెక్కినవే. పేరు నిజం, ఒళ్ళు నిజం, వీడియోలు నిజం, కారణం ఒక్కటే అబద్ధం. పక్కనున్నవన్నీ నిజాలు కాబట్టి ఆ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరు. పేరు మార్చి ఉంటే నేనీ పోస్టే పెట్టేవాణ్ణి కాదు.

డాలస్ బాబాయ్:
మేముండేది డాలస్ పక్కన. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో రోడియోకి తీసుకెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ, తిరుపతి వెళ్ళినవాళ్ళు కాళహస్తి చూసొచ్చినట్టు. అందుకని ఒక సంగతి చెప్తాను. బ్రేడీది శాడిల్ బ్రాంక్, అంటే జీను వేసిన మొండి గుర్రం ఎక్కడం, లేన్‌ది బుల్ రైడింగ్. రెండూ వేరు. బ్రాంక్‌లో ఒక చేత్తో పగ్గం పట్టుకుని 8 సెకన్లు పడిపోకుండా ఉండాలి, రెండో చెయ్యి గుర్రానికి తగిలిందా, పోయినట్టే. మార్కుల్లో సగం గుర్రానికి, సగం మనిషికి. బుల్ రైడింగ్‌లో చెయ్యి తాడులో బిగించి ఉంటుంది, పడినప్పుడు అది ఊడిరాకపోతే ఎద్దుతో పాటు ఈడ్చుకుపోవడమే.

సినిమాలో బ్రేడీ కుడిచేతి వేళ్ళు వాటంతటవే బిగుసుకుపోతుంటాయి చూశారా, విప్పుదామన్నా విడిపోవు. రోడియో తెలిసినవాడికి ఆ ఒక్క షాటు చాలు. పట్టు వదలాల్సిన క్షణంలో చెయ్యి వదలకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. భయం అక్కడే ఉంది. లేన్‌ని ఎద్దు పడేసిందని చెప్పడం అదనపు బరువు, నా లెక్కలో అవసరం లేదు కూడా.

నైట్‌డ్యూటీ:
బాబాయ్ గారూ, అవసరం లేదంటే ఎలా? రోడియో వదలాలా వద్దా అని బ్రేడీ కొట్టుకుంటున్నప్పుడు ఎదురుగా లేన్ ఉండాలి కదా, వదలకపోతే నువ్వూ ఇంతే అని చెప్పడానికి. కారు యాక్సిడెంట్ అంటే ఆ అర్థమే పోతుంది. ఆమె మార్చింది అందుకే, ఆ మార్పు లేకపోతే కథ నిలబడదు.

ఓరుగల్లు ఫిజియో:
నైట్‌డ్యూటీ గారూ, ఆ అర్థం పోతే పోనివ్వండి అంటాను నేను. నాది ఫిజియోథెరపీ పని, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళనే రోజూ చూస్తాను. మా వైపు తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు చాలామంది వస్తారు. "చెట్టెక్కితే ఇంతే" అని వాళ్ళను చూపించి కొడుకులకు బుద్ధి చెప్పే చుట్టాలను చూశాను, మంచం మీద మనిషి వింటూనే ఉంటాడు. మనిషిని హెచ్చరిక బోర్డు చేయడం అంటే అదే. మీరు చెప్పేది నిజమైతే సినిమా లేన్‌ని వాడుకున్నది అందుకే అన్నమాట.

కానీ నాకు సినిమా అలా అనిపించలేదు. ఆసుపత్రిలో ఆ సీను గుర్తు తెచ్చుకోండి, లేన్‌ని జీను మీద కూర్చోబెట్టినట్టు పట్టుకుని చేతికి పగ్గాలిస్తారు, గుర్రం మీద ఉన్నట్టు ఊహించుకోమని బ్రేడీ పక్కన మాటలు చెప్తుంటాడు. లేన్ మొహం చూడండి. అక్కడ జాలి లేదు, భయపెట్టడం లేదు, ఇద్దరు పనివాళ్ళు పని గురించి మాట్లాడుకుంటున్నారు. మా దగ్గరికొచ్చే గీత కార్మికులూ అంతే, నొప్పి గురించి కంటే మోకు గురించి, ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందన్న దాని గురించి మాట్లాడతారు. కలలు వదులుకోకు అని వేళ్ళతో చెప్పేది కూడా లేనే కదా. హెచ్చరిక బోర్డు ఆ మాట చెప్తుందా?

సెకండ్‌షో:
మేడమ్, మీ మాటతో నా వాదనే బలపడుతోంది. ఆ సీనుకు కారణంతో పని లేనప్పుడు కారణం మార్చడమెందుకు? ఒక విషయం మీద ఆలోచించండి. జావ్‌కి బ్రేడీ దెబ్బ తగలకముందే తెలుసు, అతనితో సినిమా తీయాలనుకుంటూ కథ కోసం వెతుకుతోంది. ఈలోగా అతని తల పగిలింది, కథ దొరికింది. అది ఆమె తప్పు కాదు, ఎవరూ అనరు. కానీ అలా దొరికిన కథ మీద ఎంత జాగ్రత్త ఉండాలి? బ్రేడీ దెబ్బ అతనిదే, అది అతనికే దక్కింది. లేన్‌కి మాత్రం తనది కాని దెబ్బ అంటగట్టారు.

డాలస్ బాబాయ్:
ఇంకో ముక్క. అపోలో అనే గుర్రం ముళ్ళకంచెలో చిక్కి కాలు పాడు చేసుకుంటుంది. బ్రేడీ తుపాకీ పట్టుకుని కాల్చలేకపోతాడు, ఆ పని తండ్రి చేస్తాడు. తర్వాత బ్రేడీ చెల్లెలితో అంటాడు, నాకూ దాని లాంటి దెబ్బే తగిలింది, మనిషిని కాబట్టి బతకనిచ్చారు అన్న అర్థం వచ్చేలా. బ్రేడీకి అద్దం కావాలంటే ఆ గుర్రమే ఉంది కదా నాయనా. లేన్ దగ్గరికి అతను వెళ్ళేది అద్దం కోసం కాదు, స్నేహం కోసం.

నైట్‌డ్యూటీ:
గుర్రం సీను ఒప్పుకుంటాను, అక్కడ నేను సినిమా ఆపేసి కాసేపు బయటికెళ్ళాను. కానీ చివర రోడియోలో ఎక్కబోయి, నాన్ననీ లిలీనీ చూసి వెనక్కి తిరిగాడంటే, అంతకుముందు లేన్‌ని చూడటం వల్ల కాదంటారా?

ఓరుగల్లు ఫిజియో:
కాదంటాను. వెనక్కి తిరిగింది చూసుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి. ఆ తర్వాతే కదా మళ్ళీ లేన్ దగ్గరికెళ్ళేది, భయంతో మానేసినవాడైతే నేరుగా అక్కడికి వెళ్ళడు. సినిమా బయట అసలు బ్రేడీ కూడా గుర్రాలను వదల్లేదు, వాటికి శిక్షణ ఇచ్చే పనికి తిరిగి వెళ్ళాడు. మానింది పోటీ, పని కాదు.

సెకండ్‌షో:
సరే, ముగ్గురం కలిపి తేల్చిందేంటంటే లేన్ ఎద్దు మీంచి పడకపోయినా కథ నిలబడుతుంది. మరి నైట్‌డ్యూటీ, మార్పు లేకపోతే నిలబడదన్నావు కదా, దానికి జవాబు చెప్పు.

నైట్‌డ్యూటీ:
నిలబడుతుంది అన్నా, టికెట్టు కొని వచ్చినవాడికి అంత సూటిగా అందదు. ఆమె తీసింది మీ ముగ్గురి కోసమే కాదు.