యూకేలో మేనేజర్‌కీ డైరెక్టర్‌కీ సేఫ్టీ ట్రైనింగ్: ఏ కోర్సు చెయ్యాలి, ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ వచ్చి కొద్ది నెలలే అయింది. ఒక వేర్‌హౌస్‌లో షిఫ్ట్ మేనేజర్‌గా వేశారు, ఐఓష్ (సేఫ్టీ నిపుణుల సంస్థ) కోర్సు చెయ్యమంటున్నారు. మరోపక్క బంధువులు వాళ్ల చిన్న ప్యాకింగ్ కంపెనీలో నన్ను డైరెక్టర్‌గా చేర్చుకుంటామంటున్నారు, "ఊరికే సంతకానికేలే" అని. రెండింటికీ ఒకే ట్రైనింగ్ సరిపోతుందా? సర్టిఫికెట్ ఉంటే రేపు ఏదైనా జరిగినా మన మీదికి రాదా?

జవాబు 1

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దామండి. సర్టిఫికెట్ ఉందని కేసు ఆగదు. "ఈ ప్రమాదం గురించి నేర్చుకుని కూడా ఎందుకు వదిలేశారు?" అని అడగడానికి అదే సర్టిఫికెట్ పనికొస్తుంది కూడా. ట్రైనింగ్ విలువంతా తిరిగొచ్చాక మీ షిఫ్ట్‌లో ఏం మారిందన్న దాంట్లోనే ఉంది.

అసలు చట్టం 1974 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ ఎట్ వర్క్ యాక్ట్. సెక్షన్ 2 ఉద్యోగుల పట్ల కంపెనీ బాధ్యత. సెక్షన్ 3 బయటివాళ్ల పట్ల, అంటే లారీ డ్రైవర్లు, కాంట్రాక్టర్లు, విజిటర్లు. సెక్షన్ 7 పనిచేసే ప్రతి ఒక్కరిదీ, షిఫ్ట్ మేనేజర్‌గా మీకు నేరుగా తగిలేది ఇదే. సెక్షన్ 37 డైరెక్టర్లకి, పై స్థాయి మేనేజర్లకి. ఇక్కడ "మేనేజర్" అంటే కంపెనీ విధానాలు నిర్ణయించే అధికారం ఉన్నవాళ్లని 1992లోనే ఒక పుస్తకాల షాపు కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. కాబట్టి విజిటింగ్ కార్డు మీద హోదా చూసి భయపడకండి, ధైర్యమూ తెచ్చుకోకండి. దేని మీద నిర్ణయం మీ చేతిలో ఉందో అదే లెక్క.

కోర్సుల సంగతి. మీకు చెప్పింది బహుశా ఐఓష్ మేనేజింగ్ సేఫ్‌లీ. క్లాస్‌రూమ్‌లో మామూలుగా 3 రోజులు, చివర ఒక పరీక్ష, ఒక రిస్క్ అసెస్‌మెంట్ (ఏ పనిలో ఏ ప్రమాదముంది, దాన్నెలా తగ్గించాలి అని రాసే) ప్రాజెక్ట్. మనుషులతో పని చేయించేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. మూడేళ్లకోసారి రిఫ్రెషర్ చెయ్యడం రివాజు. డైరెక్టర్లకి అదే సంస్థది లీడింగ్ సేఫ్‌లీ ఉంది, ఒక్క పూటలోనో ఒక్క రోజులోనో అయిపోతుంది. నెబోష్ (సేఫ్టీ పరీక్షలు పెట్టే మరో సంస్థ) జనరల్ సర్టిఫికెట్ సేఫ్టీనే వృత్తిగా తీసుకునేవాళ్లది, మీకిప్పుడు అక్కర్లేదు. కన్‌స్ట్రక్షన్ సైట్ అయితే లెక్క వేరు: సైట్ మేనేజర్‌కి ఎస్‌ఎమ్‌ఎస్‌టీఎస్ అనే సేఫ్టీ కోర్సు, 5 రోజులు, 5 ఏళ్లు చెల్లుతుంది.

ఇంకో మాట. చట్టప్రకారం ఇవ్వాల్సిన ట్రైనింగ్‌కి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అది డ్యూటీ టైమ్‌లోనే జరగాలి. "ఫీజు జీతంలో పట్టుకుంటాం" అంటే అడగండి, మొహమాటపడొద్దు.

జవాబు 2

డైరెక్టర్ సంగతి నేను చెప్తాను. దయచేసి "సంతకానికే" అన్న మాట నమ్మకండి. అలాంటి హోదా ఈ చట్టంలో లేదు. కంపెనీ చేసిన నేరం మీ సమ్మతితోనో, తెలిసీ చూడనట్టు ఊరుకోవడం వల్లో, నిర్లక్ష్యం వల్లో జరిగిందని తేలితే సెక్షన్ 37 కింద కంపెనీతో పాటు మీ మీద కూడా కేసు. గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు, పరిమితి లేని జరిమానా. క్రౌన్ కోర్టు 15 ఏళ్ల దాకా డైరెక్టర్ పదవికి అనర్హులని కూడా ప్రకటించగలదు. 2007 కార్పొరేట్ మాన్‌స్లాటర్ చట్టం (కంపెనీ ఘోర వైఫల్యం వల్ల మనిషి చనిపోతే పెట్టేది) కంపెనీకే వర్తిస్తుందని ఊరట చెందేవాళ్లుంటారు. నిజమే, కానీ మనుషుల మీద పెట్టడానికి గ్రాస్ నెగ్లిజెన్స్ మాన్‌స్లాటర్ (ఘోర నిర్లక్ష్యంతో చావుకి కారణమవ్వడం) విడిగా ఉండనే ఉంది.

బంధువులతో ఒప్పుకునే ముందు ఇవి చేతికి అడిగి తీసుకోండి: ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనివల్ల గాయపడ్డ ఉద్యోగుల పరిహారానికి, కనీసం 50 లక్షల పౌండ్ల కవర్), 5 గురు లేదా ఆ పైన పనివాళ్లుంటే రాతలో ఉండాల్సిన సేఫ్టీ పాలసీ, రిస్క్ అసెస్‌మెంట్లు, ఫోర్క్‌లిఫ్ట్ థరో ఎగ్జామినేషన్ (చట్టప్రకారం నిపుణుడు చేసే భద్రతా తనిఖీ) రిపోర్టు. సరుకులెత్తే దానికి ఇది మామూలుగా 12 నెలలకోసారి, మనుషులనెత్తే వాటికి 6 నెలలకోసారి. సర్వీసింగ్ బిల్లు చూపించి ఇదే అది అంటారు. కాదు. సర్వీసింగ్ వేరు, ఈ తనిఖీ వేరు.

కన్సల్టెంట్‌ని పెట్టుకున్నాం కదా అన్నా బాధ్యత మారదు. సలహా కొనుక్కోవచ్చు, బాధ్యత అమ్ముకోలేం. బోర్డు మీటింగ్‌లో "సేఫ్టీ: సమస్యలేమీ లేవు" అని ప్రతిసారీ రాసుంటే, ఇన్‌స్పెక్టర్‌కి అది ఎవరూ అడగలేదన్న సాక్ష్యం. గడువు దాటిన తనిఖీలెన్ని, కొద్దిలో తప్పిన ప్రమాదాలేంటి, పోయినసారి ఒప్పుకున్న పని ఎవరు పూర్తిచేశారు అని అడిగి మినిట్స్‌లో రాయించండి. గాయాల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతారు. సున్నా ఉందంటే జనం చెప్పడం మానేశారని కూడా కావచ్చు.

జవాబు 3

పై ఇద్దరూ వదిలేసింది రిడ్డార్, అంటే పని ప్రమాదాల్ని ప్రభుత్వ రెగ్యులేటర్‌కి రిపోర్ట్ చెయ్యాలనే 2013 రెగ్యులేషన్స్. కొత్త మేనేజర్లు ఎక్కువగా జారేది ఇక్కడే. పని ప్రమాదం వల్ల ఎవరైనా 7 రోజులకి మించి తన మామూలు పని చెయ్యలేకపోతే, ప్రమాదం జరిగిన 15 రోజుల్లోపు రిపోర్ట్ చెయ్యాలి. ప్రమాదం రోజు లెక్కలోకి రాదు, శని ఆదివారాలు వస్తాయి. నడుము పట్టేసినవాణ్ణి తీసుకొచ్చి ఆఫీసులో కూర్చోబెట్టి "డ్యూటీకొచ్చాడుగా" అంటారు. పెట్టెలు మోయడం అతని మామూలు పనైతే ఆ రోజులూ లెక్కే. ఇక చేతివేళ్లు, బొటనవేళ్లు, కాలివేళ్లు తప్ప మిగతా ఎముక ఏది విరిగినా ఎన్ని రోజులని చూడక్కర్లేదు, వెంటనే తెలియజేసి 10 రోజుల్లోపు రిపోర్ట్ అందేలా చూడాలి.

మన స్టూడెంట్స్ చాలామంది ఏజెన్సీ ద్వారా రాత్రి షిఫ్ట్‌లకి వస్తుంటారు కదా. వాళ్లకిచ్చే సమాచారం అర్థమయ్యేలా ఉండాలన్నది 1999 మేనేజ్‌మెంట్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. పనిలో చేరినప్పుడు సంతకం పెట్టించుకున్న ఇండక్షన్ కాగితం అర్థమైందనడానికి రుజువు కాదు. "ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ వస్తే ఎటు నిలబడతావు?" అని చూపించమనండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అందరికీ. డైరెక్టర్ విషయం ఆ కాగితాలు చూశాకే తేలుస్తాను. ప్రాజెక్ట్‌కి వేర్‌హౌస్ మొత్తం తీసుకోవాలా?

జవాబు 1

వద్దండి. మొత్తం తీసుకుంటే పైపైన రాసి మార్కులు పోగొట్టుకుంటారు. ఒక్క పని తీసుకోండి, ఉదాహరణకి డాక్ (లారీలు వెనక్కి ఆనించి సరుకు దించే గట్టు) దగ్గర ట్రెయిలర్‌లోంచి ప్యాలెట్లు దించడం. అక్కడ అరగంట నిలబడి చూసి, డ్రైవర్‌తోనూ ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌తోనూ మాట్లాడాకే కాగితం మీద పెన్ను పెట్టండి.

అసలు ప్రమాదం ఏంటంటే, ఫోర్క్‌లిఫ్ట్ ట్రెయిలర్ లోపలుండగానే లారీ కదిలిపోవడం. డ్రైవర్ అన్‌లోడింగ్ అయిపోయిందనుకుంటాడు, డాక్‌కీ ట్రెయిలర్‌కీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది, ఫోర్క్‌లిఫ్ట్ అందులో పడిపోతుంది. దీనికి కంట్రోల్‌గా "డ్రైవర్ జాగ్రత్తగా ఉండాలి" అని రాస్తే అది కంట్రోలే కాదు. బలమైనది ట్రెయిలర్‌ని పట్టి ఉంచే లాక్, డాక్ తలుపుతో ముడిపెట్టిన ఎర్ర, పచ్చ లైట్లు. అవి వచ్చేదాకా లారీ తాళంచెవులు డాక్ ఆఫీసులో పెట్టించుకోవాలి. ఇందులోనూ చిల్లుంది: రెండో తాళంచెవి డ్రైవర్ జేబులో ఉంటుంది, లేదా రద్దీలో ఎవరో ముందే ఇచ్చేస్తారు. అందుకే ట్రెయిలర్ ఖాళీ అయిందని కళ్లతో చూసిన ఒక్క మనిషే తాళంచెవి ఇవ్వాలని రాయండి. హై విజ్ జాకెట్ (దూరం నుంచి కనిపించే మెరుపు రంగు జాకెట్) ఈ ప్రమాదాన్ని ఏమాత్రం ఆపదు. అయినా పది ప్రాజెక్టుల్లో మొదటి లైన్ అదే చూస్తాం.

స్కోరింగ్‌లో, అంటే ప్రమాదం తీవ్రతకీ జరిగే అవకాశానికీ అంకెలు వెయ్యడంలో, ఒక తప్పు తరచూ కనిపిస్తుంది. లాక్ పెట్టాక తీవ్రతని 5 నుంచి 2కి దించేస్తారు. లాక్ వల్ల జరిగే అవకాశం తగ్గుతుంది కానీ, జరిగితే మనిషి అదే ఎత్తునుంచి పడతాడు. తీవ్రత 5 అలాగే ఉంచి, అవకాశం మాత్రం తగ్గించండి. ప్రతి చర్యకీ పేరు, తారీకు రాయండి. "మేనేజ్‌మెంట్, త్వరలో" అని వద్దు.

మీ అధికారంలో లేని ఖర్చు, అంటే ఆ ట్రెయిలర్ లాకులు, పైవాళ్లకి మెయిల్‌లో పెట్టి జవాబు దాచుకోండి. జవాబొచ్చేదాకా తాత్కాలిక కంట్రోల్ ఏంటో అదే మెయిల్‌లో రాయండి, అదీ సరిపోదనిపిస్తే ఆ డాక్ ఆపించండి. ప్రాజెక్ట్ రాశాక కంపెనీ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాం.

జవాబు 3

చిన్న చేర్పు: పైన చెప్పిన చట్టాలు చాలావరకు ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌కే. నార్తర్న్ ఐర్లండ్‌లో ఉన్నవాళ్లకి 1978 నాటి వేరే ఆర్డర్ ఉంది, రెగ్యులేటర్ కూడా వేరే. అక్కడికి బదిలీ అయ్యేవాళ్లు అక్కడి ఫారాలే వాడండి.