టాప్ అథ్లెట్లు వాడుతున్నారంటే ఆక్యుపంక్చర్ పనిచేస్తున్నట్టేనా?

పరుగుపిచ్చి:
2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటి మీద ఆ గుండ్రటి మచ్చలు చూసినప్పటి నుంచీ ఈ విషయం మీద ఆసక్తి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జేమ్స్ హారిసన్ సూదులు పెట్టించుకుంటూ తనే వీడియోలు పెట్టేవాడు, నలభైకి దగ్గరపడే దాకా ఆడాడు. జపాన్‌లో ఈ వైద్యానికి ప్రభుత్వ లైసెన్సే ఉంది. ఒళ్లే పెట్టుబడిగా బతికేవాళ్లు ఊరికే నమ్ముతారా? పనిచేస్తుందనే నా మాట. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

లెక్కలమాస్టారు:
ఫెల్ప్స్‌వి కప్పింగ్ మచ్చలు, అంటే కప్పులతో చర్మాన్ని పైకి పీల్చితే పడేవి. అందులో సూదులే లేవు.
టాప్ అథ్లెట్‌కు మసాజ్, నిద్ర, తిండి, ఫిజియో అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. సూది వాటా ఎంతో అతనికే తెలియదు. తేల్చాలంటే ఉత్తుత్తి సూదితో పోల్చాలి. 1998లో ష్ట్రైట్‌బెర్గర్ అనే జర్మన్ డాక్టరు అలాంటిదే తయారుచేశాడు. మొన చర్మాన్ని తాకగానే సూది పిడిలోకి జారిపోతుంది, రోగికి మాత్రం గుచ్చినట్టే ఉంటుంది. 2007లో జర్మనీలోనే నడుంనొప్పి ఉన్న 1,162 మంది మీద చేసిన పరీక్ష వివరాలు వచ్చాయి. ఆక్యుపంక్చర్ చెప్పే అసలు పాయింట్లలో గుచ్చితే 47.6 శాతం మందికి మెరుగైంది. పాయింట్లు కాని చోట పైపైన గుచ్చితే 44.2 శాతం మందికి. ఎక్కడ గుచ్చినా ఒకటే అయినప్పుడు ఆ పాయింట్ల శాస్త్రం దేనికి?

హర్డిల్స్_మాజీ:
అదే పరీక్షలో మందులు, వ్యాయామాలు ఇచ్చిన మూడో జట్టు సంగతి వదిలేశారేం? వాళ్లలో 27.4 శాతమే. 27 ఎక్కడ, 47 ఎక్కడ?

లెక్కలమాస్టారు:
ఆ తేడా నమ్మకానిది. సూదిది కాదు.

ఫిజియో_సుధ:
నేను క్రీడాకారులకు సూదులు పెడతాను కాబట్టి చెబుతున్నా. మేం ఎక్కువగా చేసేది డ్రై నీడ్లింగ్. పట్టేసిన కండరంలో గట్టిపడ్డ చోటు వేలితో వెతికి అక్కడే గుచ్చుతాం. కండరం ఒక్కసారి ఎగిరిపడి, తర్వాత వదులవుతుంది. నాడుల దారులు, ప్రాణశక్తి లెక్కలు ఇందులో ఉండవు. నమ్మకం ఒక్కటే అనడం కూడా సరికాదు. శరీరంలో మార్ఫిన్ లాంటి రసాయనాల పని ఆపే నాలోక్సోన్ ఇస్తే ఆక్యుపంక్చర్ ఉపశమనం తగ్గిందని 1977లోనే చూపించారు. 2010లో ఎలుకల్లో సూది గుచ్చిన చోట నొప్పిని తగ్గించే అడినోసిన్ అనే రసాయనం పెరగడం చూశారు.
వేగం పెరుగుతుందని మాత్రం నేనెవరికీ చెప్పను. నొప్పి తగ్గిన ఆ కాస్త వ్యవధిలో బలం పెంచే వ్యాయామాలు చేయించడానికి వాడతాను. అంతే.

నైట్‌వాచ్‌మన్:
సూదులు డోపింగ్ కాదా? 2018 కామన్వెల్త్ క్రీడల నుంచి మనవాళ్లిద్దర్ని పంపేశారుగా.

ఫిజియో_సుధ:
అక్కడ దొరికినవి ఇంజెక్షన్ సూది, సిరంజి. ఆక్యుపంక్చర్ సూదికి బోలు ఉండదు, మందు ఎక్కించడం కుదరదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఆక్యుపంక్చర్ లేదు.

లెక్కలమాస్టారు:
సుధగారూ, నాలోక్సోన్ మీ వాదనకు పనికిరాదు. ఇటలీలో బెనెడెట్టి బృందం 2007లో ఏం చేసిందో చూడండి. నొప్పిని ఓర్చుకునే పోటీ పెట్టి, అందులో కొందరికి సాధన రోజుల్లో మార్ఫిన్ ఇచ్చి, పోటీ రోజున మందు లేని ఇంజెక్షన్ ఇచ్చారు. మార్ఫినే అనుకుని వాళ్లు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకున్నారు. నాలోక్సోన్ ఇస్తే ఆ ఓర్పు కూడా పోయింది. ఉత్త నమ్మకమే ఆ రసాయనాలను విడుదల చేయగలదు.

పరుగుపిచ్చి:
అయితే నష్టమేంటి మాస్టారూ? సెకనులో వందో వంతుతో పతకాలు పోతుంటాయి. నమ్మకంతో వచ్చినా వచ్చినట్టేగా!

లెక్కలమాస్టారు:
అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం నష్టం కాదా? భుజం దగ్గర, పక్కటెముకల దగ్గర లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. అది నష్టం కాదా?

హర్డిల్స్_మాజీ:
పనిచేయదు పనిచేయదు అని ఒకటే పాట. మాస్టారూ, పనిచేసింది కాబట్టే నా కెరీర్ పోయింది.
మడమ వెనకుండే అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని ఎముకకు కలిపే నరం లాంటి పట్టీ) దగ్గర నొప్పితో పొద్దున మంచం దిగలేకపోయేవాణ్ని. సెలక్షన్ ట్రయల్స్‌కు ముందు జట్టు ఫిజియో పిక్కలో సూదులు పెట్టాడు. నొప్పి దాదాపు పోయింది. కోచ్ అడిగితే "ఫిట్" అని అదే ఫిజియో సంతకం పెట్టాడు. మూడో హర్డిల్ దగ్గర టెండన్ తెగింది. స్కాన్ తీయించమని ముందు నుంచీ అడుగుతూనే ఉన్నాను. మీరు శాతాలు లెక్కపెట్టుకుంటున్నారు, నన్ను లైన్ మీద నిలబెట్టింది ఆ సూదే.

ఫిజియో_సుధ:
మీకు జరిగింది అన్యాయం. కానీ తప్పు సూదిది కాదు. పెయిన్‌కిల్లర్ మాత్ర ఇచ్చినా అదే జరిగేది.

హర్డిల్స్_మాజీ:
సూదిదని నేనెక్కడ అన్నాను? మాత్ర ఇస్తే నొప్పిని కప్పేశారని అందరికీ తెలుస్తుంది. సూది పెడితే "ట్రీట్‌మెంట్ అయింది" అంటారు. కండరం వదులైతే టెండన్ బాగుపడినట్టా? నొప్పి తగ్గించే మనిషి, బరిలోకి దిగొచ్చని సంతకం పెట్టే మనిషి ఒకరే కాకూడదు. నా గొడవంతా అదే.

పరుగుపిచ్చి:
చాలా జట్లకు ఒక్క ఫిజియో దొరకడమే కష్టం. ఇద్దర్ని ఎక్కణ్నుంచి తెస్తారు?

లెక్కలమాస్టారు:
థ్రెడ్ దారి తప్పుతోంది. 47.6కీ 44.2కీ మధ్య ఏముందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఫిజియో_సుధ:
ఒక్కరే ఉన్నా చేయొచ్చు. సూది పెట్టిన రోజు నేను ఫిట్‌నెస్ పరీక్ష పెట్టను. మర్నాడు ఒంటికాలి మీద మడమ ఎత్తించి, గెంతించి, రెండో కాలితో పోల్చి చూస్తాను. అప్పుడే రాసిస్తాను.

హర్డిల్స్_మాజీ:
మర్నాడే ట్రయల్స్ అయితే?

ఫిజియో_సుధ:
సూది పెట్టను.

పరుగుపిచ్చి:
అథ్లెట్టే బతిమాలితే? ఒళ్లు వాళ్లది, కెరీర్ వాళ్లది. వద్దనడానికి మీరెవరు?

ఫిజియో_సుధ:
బతిమాలినవాళ్లున్నారు. పెట్టలేదు. ఒకమ్మాయి ఇంకో చోట పెట్టించుకుని పరిగెత్తింది, సెలక్టయింది కూడా. ఇప్పటికీ నాతో మాట్లాడదు.