సముద్రం అడుగు బురదలోని కర్బనం తిరిగి రాదా?

పెన్నాగట్టు: నిన్న ఇక్కడ రొయ్యలరైతు అన్న రాసిన మాట: “సముద్రంలో కలిసిన కుళ్లంతా బురదలో పూడుతుంది, ఆ బురద సుమత్రా దగ్గర భూమి లోపలికి పోతుంది, ఇక తిరిగి రాదు.” నేను ఒప్పుకోను. అక్కడ మనమున్న పలక (భూమి పైపెంకు ముక్క) పక్క పలక కిందికి దూరుతున్న మాట, ఆ అంచున సముద్రం అడుగున లోతైన కందకం ఉన్న మాట నిజమే. కానీ పైనున్న బురదంతా దాంతో పోదు. అట్లకాడతో పెనం గీకినట్టు చాలావరకు అంచున పోగుపడుతుంది. అందులోని జీవపదార్థాన్ని సూక్ష్మజీవులు తిని మీథేన్ అనే కర్బన వాయువు చేస్తాయి. 2006లో అండమాన్ దగ్గర తవ్వితే సముద్రం అడుగుకు సుమారు 600 మీటర్ల కింద, అగ్నిపర్వత బూడిద పొరల్లో ఆ మీథేన్ నీటితో కలిసి మంచులా గడ్డకట్టి దొరికింది.

రొయ్యలరైతు: దొరికిందంటే లోపలే ఉన్నట్టు కదా! గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన పేరుకుంది. దాంతో వచ్చిన కర్బనం చాలావరకు అట్నే పూడిపోయిందని 2007లోనే శాస్త్రవేత్తలు రాశారు.

కొత్తపట్నం కుర్రోడు: మన తీరంలో ఆ కందకం లేదు కదన్నా?

పెన్నాగట్టు: లేదు తమ్ముడూ, మన తీరం నుంచి అక్కడికి 1,200 కిలోమీటర్ల పైమాటే. 2004 డిసెంబరు 26న అక్కడ కంపిస్తేనే మన మీదికి అల వచ్చింది. ఒండ్రు గబగబా పూడి ఆక్సిజన్ అందకపోతే కర్బనం నిలుస్తుంది, కాదనను. కానీ లోపలికి పోయిన దాంట్లో కొంత అగ్నిపర్వతాల గుండా పైకొస్తుంది. అండమాన్‌లోని బారెన్ దీవి అగ్నిపర్వతం ఆ వరుసలోదే. “తిరిగి రాదు” అన్నది తప్పు.

రొయ్యలరైతు: ఎన్ని లక్షల ఏళ్లకు వస్తుంది? ఆ ఒక్క మాట పట్టుకొని వేలాడుతున్నావు. నీ కోపం మా చెరువుల మీద. రొయ్యలకు వైట్‌స్పాట్ వైరస్ తగిలి వరసగా రెండు పంటలు పోయి అప్పులో ఉన్నా. అడుగు మట్టి ఎక్కడ పొయ్యమంటావు, నా నెత్తినా?

పెన్నాగట్టు: అవును, చెరువుల మీదే. మా నాన్న బకింగ్‌హాం కాలువలో మండపీతలు పట్టి మమ్మల్ని చదివించాడు. పోయిన వేసవిలో రాత్రిపూట ఎవరో రొయ్యల చెరువు నీళ్లు కాలువలోకి వదిలారు. తెల్లారి వలలో పీతలు కాళ్లు ముడుచుకొని చచ్చున్నాయి. బురదలో కాలేస్తే కుళ్లిన గుడ్ల వాసన. నీ చెరువు నల్లమట్టిదీ అదే వాసన కదన్నా? ఆక్సిజన్ అయిపోయాక సూక్ష్మజీవులు సల్ఫేటు వాడుకుంటే పుట్టే విషవాయువు అది. పలక ఏడాదికి కదిలేది కొన్ని సెంటీమీటర్లే. ఈ మురుగు కందకం చేరేదాకా మేమేం తినాలి?

మైపాడు77: వాసన మాట నిజం. మా వీధికీ కొడుతుంది.

రొయ్యలరైతు: ఆ రాత్రి వదిలింది నేను కాదు. నా నీళ్లూ ఆ కాలువకే పోతాయి, అబద్ధం చెప్పను. మురుగు తేరుకునే గుంట తవ్వాలంటే అరెకరం పోతుంది. కౌలు భూమి, ఆసామి ఒప్పుకోడు.

పెన్నాగట్టు: ఆయనతో మాట్లాడేదానికి ఆదివారం నేనూ వస్తా. “తిరిగి రాదు” అన్నది మాత్రం దిద్దు.