ఉప్పుగాలికి తట్టుకునే లోహ శిల్పం విషయంలో సలహా కావాలి

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, సముద్రానికి బాగా దగ్గరగా ఉన్న మా లేఅవుట్ ముఖద్వారం బయట, దారిన పోయేవారందరూ చూసేలా పులికాట్ ఫ్లెమింగో పక్షుల గుంపును 15 అడుగుల లోహ శిల్పంగా నిలపాలని మా సంఘం నిర్ణయించింది. బిల్డరు గారు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలంటున్నారు. అయితే ఉప్పుగాలిలోని క్లోరైడు వల్ల దానిపై గోధుమరంగు మరకలు, సన్నని గుంటలు పడతాయని, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉండే 316 రకమే మేలని నేను చదివాను. పైన ఏర్పడే తుప్పు పొరే లోపలి లోహానికి రక్షణగా నిలిచే కోర్టెన్ ఉక్కు ఎర్రదనం నాకెంతో ఇష్టమైనా, తీరంలో ఆ పొర నిలకడగా ఉండదని వదులుకున్నాను. తీరప్రాంతంలో ఇటువంటి పని చేయించినవారు, వెల్డింగు అతుకులను ఆమ్లంతో శుద్ధి చేయించారా, తుఫాను గాలులకు తగిన పునాదిని ఎవరితో లెక్క కట్టించారు, శిల్పాన్ని ఎన్నాళ్లకోసారి మంచినీటితో కడిగిస్తున్నారు అన్న వివరాలను దయచేసి తెలియజేయగలరు.